ఏడో నంబరు గౌను

పోయిన నెల ఆత్మకూరు బస్టాండు దగ్గర పెట్రోలు బంకులో ఒక చిన్న వయసు కాన్వెంటు సిస్టరును చూశాను. బూడిదరంగు చుడీదారు, తల మీద ముసుగు, ముసుగు మీద హెల్మెట్. స్కూటరుకు పెట్రోలు పోయించుకుని, హెల్మెట్ తీసి, స్కూటరు అద్దంలో చూసుకుంటూ ముసుగు పిన్ను సర్దుకుని, మళ్ళీ హెల్మెట్ పెట్టుకుని నెల్లూరు రోడ్డెక్కి వెళ్ళిపోయింది. బంకులో ఎవరూ తల తిప్పి చూడలేదు. నేనొక్కదాన్నే నిలబడి చూశాను. నవ్వు ఆగలేదు.

"ఏందవ్వా, నీలో నువ్వే నవ్వుకుంటుండావు?" అని నా మనవరాలు అడిగింది. ఉదయగిరి బస్సు వచ్చేదాకా చెప్పినా సగమే అయింది. బస్సులో కూర్చునే చోటు దొరక్క మిగతా సగం ఆగిపోయింది. మొత్తంగా రాసిపెడితే మేలనిపించింది.

మా ఇల్లు ఉదయగిరిలో సిస్టర్ల మఠం ప్రహరీని ఆనుకుని ఉండేది. గోడకు అటువైపు అయిదుగురు సిస్టర్లు, ఒక చిన్న బడి, ఒక మందుల గది. ఇటువైపు అమ్మ, నాయన, నాయనను కన్న అవ్వ, నేను. నాయన బేల్దారి మేస్త్రీ. వారాల తరబడి వింజమూరు, కావలి వైపు పని మీద ఉండేవాడు. అమ్మ ఇంట్లో మిషను కుట్టేది. మేము బాప్టిస్టులం. అవ్వకు ఆ సంగతి రోజుకు నాలుగుసార్లయినా గుర్తొచ్చేది.

"మనం నీళ్ళల్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నోళ్ళం. వాళ్ళు నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించుకునేవాళ్ళు. ఆరుసీయమ్ములతో మనకేం పని?" అనేది. ఆర్.సి.ఎం. వాళ్ళను, అంటే రోమన్ కాథలిక్కులను అవ్వ అలా పిలిచేది. అయినా సిస్టర్ల బట్టలన్నీ కుట్టేది మా అమ్మే. "బట్టకి మతం యాడిదత్తా?" అని మిషను తొక్కుతూనే జవాబు చెప్పేది అమ్మ. అవ్వ ఆ గేటు మాత్రం ఎన్నడూ దాటలేదు.

నాకు అప్పటికి పదకొండేళ్ళు. సిస్టర్ల తెల్లగౌన్లంటే పిచ్చి. మా ఊళ్ళో నేలంతా ఎర్రమట్టి. బావుల్లో చవుడు నీళ్ళు. తెల్లబట్ట నాలుగు ఉతుకులకే గోధుమరంగుకు తిరిగేది. అలాంటి ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళు తెల్లగా తిరగాలంటే వెనక ఎంత చాకిరీ ఉందో గోడ ఇవతల ఉన్న మాకే తెలుసు. శనివారం పొద్దున్నే పెద్ద అండాలో సబ్బు ముక్కలు, సోడా వేసి బట్టలు ఉడకబెట్టేవారు. దూరంగా ఉన్న మంచినీళ్ళ బావి నుంచి మోసుకొచ్చిన నీళ్ళలో జాడించి, నీలిమందు తొట్టిలో ముంచి, గంజి పెట్టి దండెం మీద ఆరేసేవారు. లోపలి బట్టల మీద మాత్రం దుప్పటి కప్పేవారు. గాలికి దుప్పటి లేచినప్పుడల్లా ఎవరో ఒక సిస్టరు పరుగెత్తుకొచ్చి సర్దేది. మధ్యాహ్నానికి గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన గోడ దాటి వచ్చి మా పొయ్యి మీది ఉలవచారు వాసనలో కలిసిపోయేవి. ఇప్పటికీ ఉలవచారు పొంగితే నాకు ఇస్త్రీ బట్టలు గుర్తొస్తాయి.

ఒక్కొక్కరికి మూడే గౌన్లు. ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి, పండగకని పెట్టెలో ఒకటి. ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా మెడపట్టీ లోపల ఎర్రదారంతో నంబరు కుట్టేవాళ్ళం. ఆ పని నాది. అందుకే మా ఇంట్లో వాళ్ళ పేర్లు ఎవరూ పలికేవాళ్ళు కాదు. "నాలుగో నంబరుకి చంక చినిగింది", "రెండో నంబరమ్మ లావైనట్టుండాది, పక్కలు వదలాల" అనుకునేవాళ్ళం.

ఏడో నంబరు మందుల సిస్టరుది. బదిలీ అయినవాళ్ళు తమ నంబరు తమతో తీసుకుపోయేవాళ్ళు, అందుకే అయిదుగురిలోనే ఏడో నంబరు ఉంది. కేరళ నుంచి వచ్చింది. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. సన్నగా, పొడుగ్గా, నడకలో పరుగు కలిపి నడిచేది. తెలుగు గబగబా నేర్చుకుంది గాని నోరు అప్పుడప్పుడు తిరిగేది కాదు. సూది అనబోయి చూడి అనేది. మందుల గది ముందు క్యూలో ఉన్న ముసలాయనతో, "మీకు ఈరోజు చూడి ఉంది తాతా" అన్నప్పుడు క్యూ అంతా కూలబడి నవ్వింది. మా ఊళ్ళో చూడి బర్రెలకే ఉంటుంది. ఎందుకు నవ్వారో అమ్మ చెవిలో చెబితే ఆవిడ అందరికంటే ఎక్కువసేపు నవ్వింది.

నడుముకు వాళ్ళు కట్టుకునే తెల్లతాడుకు మూడు ముడులుండేవి. ఒకరోజు కొలతలివ్వడానికి మా ఇంటికొచ్చినప్పుడు అవ్వ ఉండబట్టలేక అడిగింది.

"ఏం సిస్టరమ్మా, మాకు మెడలో మూడుముళ్ళు. మీకు నడుముకా?"

"అవును అవ్వా. ఒకటి పేదరికానికి, ఒకటి పెళ్ళి వద్దనుకున్నదానికి, ఒకటి చెప్పిన మాట వినడానికి."

అవ్వ తాడు ముడులను మళ్ళీ చూసి, "ఆ మూడోది మాకూ ఉండాది" అన్నది.

వాళ్ళ ముసుగు కింద ఏముంటుందన్నది మా బళ్ళో పిలకాయలందరికీ పెద్ద ప్రశ్న. గుండు అని కొందరు, జడను చుట్టి దాచుకుంటారని కొందరు పందేలు కాసేవాళ్ళు. ఒక సాయంత్రం కుట్టిన బట్టలిచ్చి రమ్మని అమ్మ పంపితే, ముందు తలుపు కొట్టకుండా కావాలనే వెనకవైపు నుంచి పోయాను. వంటింటి వరండాలో ముక్కాలిపీట మీద మఠానికి పెద్ద అయిన మదర్ అమ్మగారు కూర్చుని ఉంది. భుజాల మీద తువాలు. ఏడో నంబరు సిస్టరు కత్తెరతో ఆమె జుట్టు కత్తిరిస్తోంది. మగపిల్లల క్రాపులాగా పొట్టి జుట్టు, సగానికి సగం నెరిసింది. ఎప్పుడూ గోడలాగా బిగుసుకుని ఉండే మదర్ ముసుగు లేకుండా చూస్తే అచ్చం మా పెదనాయనలాగా ఉంది. అద్దం లేదు. కత్తిరించిన సిస్టరే రెండడుగులు వెనక్కి వేసి, కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ అని చూసి చెప్పింది. మదర్ నవ్వుతోంది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఏడో నంబరు సిస్టరు నన్ను గమనించి, కత్తెర కొస పెదాల మీద పెట్టుకుని చూపించింది. ఆ రహస్యం నేను ఎవరికీ చెప్పలేదు. కడుపు ఉబ్బి చచ్చేట్టయినా చెప్పలేదు.

అసలు సంగతి ఆ ఏడాది చలికాలం ముగిసే రోజుల్లో మొదలైంది. సీతారామపురం పోయే దారిలో, మా ఊరికి ఏడు మైళ్ళ దూరాన కొండ దాపున ఒక పల్లె ఉంది. అక్కడి నుంచి ఒక బాలింత చంకన బిడ్డనేసుకుని మందుల గదికి వచ్చింది. ఆమె మొగుడు బెంగుళూరు పనికి పోయి ఉన్నాడు. దగ్గితే గుడ్డకు నెత్తురు అంటుతోంది. క్షయ. వారానికి మూడు సూదులు, తప్పకుండా, నెలల తరబడి పడాలన్నది సిస్టరు. ఆ బిడ్డ తల్లి రెండుసార్లు నడిచి వచ్చింది. మూడోసారి సగం దారిలో కూలబడి, అక్కడి నుంచే వెనక్కి పోయిందని కట్టెలమ్మేవాళ్ళు చెప్పారు.

సిస్టరు తానే పోవాలనుకుంది. బస్సు పొద్దున ఒకటి, మళ్ళీ పొద్దుగూకే వేళకు ఒకటి. ఒక్క సూది వేసి రావడానికి రోజంతా పోతే మందుల గది మూతబడుతుంది. వారానికి ఒక రోజుకు మించి వీల్లేదన్నది మదర్. ఒక్క రోజుతో రోగం లొంగదు. అప్పుడే నెల్లూరు నుంచి ఎవరో దాత ఇచ్చిన పాత ఆడవాళ్ళ సైకిలు లారీ మీద వచ్చింది. సిస్టరు చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో తొక్కిందట. మఠం ఆవరణలో నేను వెనక సీటు పట్టుకుని నాలుగు చుట్లు పరుగెత్తేసరికి ఆమె పాదాలకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి.

నాకు సైకిలు అప్పటికే వచ్చు. నాయన సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ తొక్కేదాన్ని. అది మా ఇంట్లో తెలియదు. ఉదయగిరిలో అప్పటికి ఏ ఆడమనిషీ సైకిలెక్కి రోడ్డు మీదికి రాలేదు.

మొదటి రోజే దెబ్బ తగిలింది. బస్టాండు ముందు టీ అంగడి దగ్గర గౌను అంచు చైనులోకి పోయింది. సైకిలు ఆగింది, సిస్టరు పడింది. గౌను కింది నుంచి మోకాలి దాకా సర్రున చినిగింది. టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. "మీ గుడి సాములోరితో చెప్పి గుర్రం కొనిపించుకో సిస్టరమ్మా, గుర్రానికైతే చైనుండదు" అన్నాడొకడు. ఆమె చినిగిన బట్టను ఒక చేత్తో పట్టుకుని, బిగుసుకుపోయిన సైకిలును ఇంకో చేత్తో ఎత్తి పట్టుకుని నడిచి, మఠానికి పోకుండా తిన్నగా మా ఇంటికే వచ్చింది.

అమ్మ తలుపు మూసి, తన నీలం చీర ఇచ్చి కట్టుకోమన్నది. గౌను మీద నల్లటి జిడ్డు. అమ్మ కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. నీలం చీర, తెల్ల ముసుగుతో సిస్టరు మా పీట మీద కూర్చుంటే అవ్వ రెప్పవేయకుండా చూసింది.

"బాగుండావు గదమ్మే" అన్నది.

సిస్టరు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "నేను పడినది పరవాలేదు అవ్వా. ఈరోజు ఆమెకు సూది లేదు" అన్నది. ఈసారి సూది చూడి కాలేదు. ఎవరికీ నవ్వు రాలేదు.

అవ్వ లేచి పోయి, పొద్దుటి సజ్జరొట్టె, చింతకాయ తొక్కు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

చినిగిన సంగతి మదర్ దాకా పోకుండా ఉంటుందా? మర్నాడు కుట్టిన గౌను ఇవ్వడానికి నేను, అమ్మ వెళ్ళినప్పుడు మదర్ మా ముందే మాట్లాడింది. గుంటూరు వైపు మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచేది కాదు.

"ఈ బట్ట చూసి జనం దారి ఇస్తారు. రాత్రీ పగలూ ఏ పల్లెకు పోయినా మనల్ని ఎవరూ ఏమీ అనరు. ఆ బట్ట చినిగి నడిరోడ్డు మీద కనపడితే, రేపటి నుంచి మిగతా నలుగురికీ ఆ దారి ఉండదు. సైకిలు వద్దు."

"ఆమె చచ్చిపోతుంది మదర్."

మదర్ మా చేతిలోని గౌను తీసుకుని, కుట్టిన చోట వేలితో తడిమింది. తరువాత మా అమ్మ వైపు తిరిగింది.

"గౌను ఒక్క వేలు పొట్టి కాకూడదు. నేల నుంచి రెండు వేళ్ళు, అంతే. కాలు కనపడకూడదు. ప్యాంట్లు, పైజమాలు మా నియమంలో లేవు. ఇవన్నీ ఉంటూ చైనులో పడని గౌను కుట్టగలిగితే కుట్టమ్మా. పది రోజులు ఇస్తున్నాను. ఈ పది రోజులూ సిస్టరు బస్సులో పోయి వస్తుంది. గది నేను చూసుకుంటాను."

ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "పది రోజులంట" అని తనలో తాను అనుకుంది.

కొలత కోసం ఏడో నంబరుదే వాడకం మానేసిన ఒక పాత గౌను, పొట్టిచేసి, పక్కలు బిగించి నాకు తొడిగారు. బడి వెనక ఖాళీ జాగాలో నేను తొక్కాలి, అమ్మ, సిస్టరు చూడాలి. నా ఆనందానికి హద్దు లేదు. దొంగతనంగా తొక్కే సైకిలును అమ్మే తొక్కమంటోంది. ముందు నాయన ప్యాంటుకు పెట్టుకునే క్లిప్పు పెట్టి చూశారు. బట్టంతా ఒకవైపుకు పోగై రెండోవైపు పిక్క బయటపడింది. తరువాత సైకిలు ట్యూబు కత్తిరించి రబ్బరు పట్టీలు వేశారు. నడిస్తే కోడికి కాళ్ళు కట్టినట్టుంది. ఆ తరువాత, గాలికి లేవకుండా ఉంటుందని అంచు మడతలో గులకరాళ్ళు కుట్టారు. తొక్కుతుంటే అవి టకటకా నా ఎముకలకు కొట్టుకున్నాయి. చైను బట్టతోపాటు ఒక రాయిని కూడా మింగింది. నేను మట్టిలో బోర్లాపడ్డాను.

సరిగ్గా అప్పుడే అవ్వ వచ్చింది. నన్ను వెతుక్కుంటూ, గోడ మీద నుంచి చూసి, ఎన్నడూ దాటని గేటు దాటి వచ్చింది. వచ్చేసరికి ఆమెకు కనపడింది తెల్లగౌను తొడుక్కున్న మనవరాలు.

"ఏందిమే ఇది? పిల్లని మఠంలో కలిపేసినారా, నాకొక మాటైనా చెప్పకుండా?"

అమ్మ నోట్లో గుండుసూదులు. అవి ఒక్కొక్కటే తీసి, జరిగిందంతా చెప్పింది. అవ్వ విన్నది. నా గౌను అంచు పట్టుకుని రాళ్ళు తడిమింది.

"ఇంతేనా? దీనికి రాళ్ళు కుట్టినారా మీరు? సంగం కాలవ కింద నాట్లకి పోయినప్పుడు మోకాటి లోతు బురద. ఏ ఒక్కదాని కోకకన్నా బురదంటిందా? గోచి పెడితిమి. ఎనక కుచ్చిళ్ళు ముందుకి లాగి ఈడ దోపితే అయిపాయ."

చెప్పడంతో ఆగలేదు. అక్కడే వంగి, చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య నుంచి లాగి బిగించి దోపింది. సైకిలు నా చేతిలోంచి తీసుకుని, కాలు అవతలికి వేసి సీటు మీద కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు పాదాలూ నేలకు ఆనించి, హాండిలు పట్టుకుని మమ్మల్ని చూసింది. సిస్టరు చప్పట్లు కొట్టింది. అవ్వ సిగ్గుపడి దిగబోయి, మళ్ళీ ఎందుకో కాసేపు కూర్చుంది.

"గోచి పెడితే పిక్కలు కనపడతాయి గదత్తా. మదర్ అమ్మగారు ఒప్పుకోదు" అన్నది అమ్మ.

"బట్ట చాలకపోతే కనపడతాయి. బట్ట పెంచు."

అమ్మ గుండుసూదుల డబ్బా మూసేసి నా గౌను వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కత్తెర పట్టుకునే ముందు అలా చూసేది. "సిస్టరమ్మా, మీ నియమంలో వెడల్పు గురించి ఏమన్నా రాసుండాదా?" అని అడిగింది.

"పొడుగు గురించి ఉంది. వెడల్పు గురించి లేదు" అన్నది సిస్టరు నెమ్మదిగా.

కొత్త గౌను కుడదామంటే మఠానికి ఏడాదికని వచ్చే బట్ట అప్పటికే అయిపోయింది. సిస్టరు పెట్టెలో ఉన్న పండగ గౌను తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. అది పాడయితే ఈస్టరుకు ఆమెకు మాసికల గౌనే గతి. అమ్మ దాన్ని చేత్తో నిమిరి, వెనక కుట్టు విప్పింది. నాకు తొడిగిన పాత గౌను విప్పదీసి, వెనకవైపు గజంన్నర బట్ట చేర్చి, దాన్నంతా లోపలికి మడిచి ఒకే మడతలాగా ఇస్త్రీ చేసింది. నిలబడితే మామూలు గౌనే. వెనక అంచు మధ్యలో లోపలివైపు ఒక పట్టీ, దానికి కాజా. ముందువైపు మోకాటి పైన లోపల ఒక గుండీ. సైకిలెక్కే ముందు పట్టీని కాళ్ళ మధ్య నుంచి ముందుకు తెచ్చి గుండీకి తగిలిస్తే అవ్వ పెట్టిన గోచీయే. దాచిన గజంన్నర విచ్చుకుని రెండు కాళ్ళనూ మడమల దాకా కప్పుతుంది. మడమల దగ్గర అంచులో సన్నని నాడా, లాగి ముడేస్తే బట్ట కాలిని అంటిపెట్టుకుని ఉంటుంది. దిగగానే అన్నీ విప్పితే గౌను జారి నేలకు రెండు వేళ్ళ ఎత్తులో నిలబడుతుంది. కాజా అమ్మ మూడుసార్లు విప్పి కుట్టింది. మెడపట్టీలో ఏడో నంబరు మళ్ళీ నేనే కుట్టాను.

పదో రోజు పొద్దున. మఠం వాకిట్లో సిస్టర్లంతా వరసగా నిలబడ్డారు. మదర్ మోకాళ్ళ మీద కూర్చుని నేలకు, అంచుకు మధ్య రెండు వేళ్ళు పెట్టి చూసింది. నాలుగు వైపులా చూసింది. నడవమన్నది, మోకరించమన్నది. అమ్మ చీరకొంగు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. సిస్టరు గోడ వైపు తిరిగి, అర నిమిషంలో పట్టీ తగిలించి, నాడాలు ముడివేసి సైకిలెక్కింది. వాకిట్లో మూడు చుట్లు తిరిగింది. చైను పక్కనే తెల్లబట్ట గాలికి కదులుతోంది, కానీ చైనును తాకడంలేదు.

"వాకిట్లో ఎవరైనా తొక్కుతారు. రోడ్డు మీద చూస్తాను" అన్నది మదర్.

ఆమె గొడుగు తీసుకుని బయలుదేరింది. మేమంతా వెనకే. నేరుగా బస్టాండుకు పోయి, ఆ టీ అంగడి ముందే నిలబడింది. అంగడిలో ఉన్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు. కాసేపటికి మూల మలుపులో ఏడో నంబరు కనపడింది. హాండిలుకు మందుల సంచి. వీపు నిటారుగా. ముసుగు వెనక్కి ఎగురుతోంది. ఎర్రమట్టి రోడ్డు మీద తెల్లగా, గంట మోగిస్తూ మా ముందు నుంచి పోయింది. చూపు రోడ్డు మీదే ఉంది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు గుర్రం మాట అన్నవాడు బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో వాడికే తెలియనట్టుంది.

మేము ఇళ్ళకు పోలేదు. మదర్ టీ తెప్పించుకుని అక్కడే కూర్చుంది. బెంచీ ఖాళీ చేసి ఇచ్చారు. ఎండ ఎక్కింది. నేను సీతారామపురం రోడ్డు వైపు చూసి చూసి కళ్ళు నీళ్ళు కారాయి. మధ్యాహ్నం బడి గంట కొట్టాక దుమ్ములో ఒక తెల్లచుక్క కనపడింది. దిగి, గోడ చాటున విప్పుకుని వచ్చి మదర్ ముందు నిలబడింది సిస్టరు. ముఖం కందగడ్డలా ఉంది. గౌనంతా ఎర్రటి దుమ్ము. మదర్ వంగి కుడివైపు అంచు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. దుమ్ము ఉంది. జిడ్డు లేదు. ఒక్క నల్ల మరక లేదు.

"సూది వేశావా?"

"వేశాను మదర్."

మదర్ లేచి గొడుగు విప్పింది. మా అమ్మతో, "ఒకటి చాలదు. ఉతుక్కోవడానికి రెండోది కావాలి. మూడోది పండగకు. కుట్టమ్మా" అన్నది.

అమ్మ ఇంటికి వచ్చి మిషను మీద తల ఆనించి గట్టిగా నవ్వింది. నాయన ఊళ్ళో లేనప్పుడు అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

సిస్టరు వారానికి మూడుసార్లు, ఎండల్లోనూ వానల్లోనూ పోయి వచ్చింది. వంక పారిన రోజున సైకిలు నెత్తిన పెట్టుకుని దాటిందట. వేసవి సెలవుల్లో ఆమె నాకూ ఆ సైకిలిచ్చి పంపేది. అమ్మ నా పావడాకు కూడా లోపల పట్టీ కుట్టింది. బడి తెరిచేసరికి మా వీధిలో మరో నలుగురు ఆడపిల్లలు తమ పావడాలకు పట్టీలు కుట్టమని వచ్చారు. నెల్లూరు వైపు మఠాల నుంచి కూడా, ఒక్కసారి ఆ గౌను పంపండి, చూసి ఇస్తాం అని ఉత్తరాలొచ్చాయి. పోయిన గౌను తిరిగి వచ్చేటప్పుడు మిఠాయి పొట్లం కూడా వచ్చేది.

సీతాఫలాలు పండే రోజుల్లో ఒక పొద్దున మా అరుగు మీదికి ఒకామె వచ్చి కూర్చుంది. చంకలో బిడ్డ, నెత్తిన పళ్ళగంప. మఠంలో సిస్టరు లేదని, వేరే పల్లెకు పోయిందని, వచ్చేదాకా కూర్చుంటానన్నది. ఒళ్ళు చేసింది, జుట్టు నున్నగా దువ్వుకుంది. మేము పోల్చుకోలేకపోయాం.

"యాడి నుంచమ్మా?" అని అవ్వ అడిగింది.

కొండ దాపు పల్లె పేరు చెప్పింది.

"బస్సుకొచ్చినావా?"

"నడిచే వచ్చినానవ్వా. యాడా కూచోలా. దగ్గు రాలా."

అవ్వ ఆమె చేతిలోంచి బిడ్డను తీసుకుంది. చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

ఆ గౌన్లు ఇప్పుడు ఎవరూ వేసుకోరు. ఆ తరువాత కొన్నాళ్ళకు సిస్టర్లు చీరల్లోకి మారారు, ఇప్పుడు చుడీదార్లలో స్కూటర్ల మీద పోతున్నారు. మందుల సిస్టరు బదిలీ మీద ఎక్కడికో ఉత్తరాదికి పోయింది. పోయేటప్పుడు తన నంబరు తనతో తీసుకుపోయింది. అమ్మ లేదు, అవ్వ లేదు. అమ్మ పని గొప్పదని ఎవరూ సన్మానం చేయలేదు, ఎక్కడా రాయలేదు. కానీ అది గెలుపు కాదని నాతో ఎవరైనా అంటే ఒప్పుకోను. ఎందుకంటే ఆ గెలుపును నలుగురి ముందూ నిలబడి చాటిన మనిషి ఒకరున్నారు.

సీతాఫలాలు వచ్చిన ఆ వారం ఆదివారం అది. మా బాప్టిస్టు గుడిలో పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ ఉంటుంది. జ్వరం తగ్గిందని ఒకరు, పోయిన ఎద్దు దొరికిందని ఒకరు లేచి దేవుడికి స్తోత్రం చెబుతారు. అన్నేళ్ళలో ఎన్నడూ నోరు తెరవని మా అవ్వ ఆ రోజు చాప మీద నుంచి లేచింది. కొంగు భుజాల మీదుగా కప్పుకుంది.

"నేను ఆరుసీయం అమ్మగార్లకి గోచి పెట్టేది నేర్పినా" అన్నది. "మా కోడలు కుట్టింది. ఆ గోచితో ఆ సిస్టరమ్మ సైకిలు తొక్కింది. ఒక బిడ్డ తల్లి బతికి మా అరుగు మీదికొచ్చింది. నా సాక్ష్యం అంతే."

కూర్చుంది. పాస్టరుగారు బైబిలు మూసి, తెరిచి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గోచి అన్న మాట ఆ గుడిలో అంతకుముందు ఎవరూ పలికి ఉండరు. చివరికి ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "దేవునికి స్తోత్రం" అన్నారు.

గుడంతా స్తోత్రం అన్నది. అందరికంటే గట్టిగా అన్నది మా అమ్మ.